మా బర్రె పాలు తాగిన వీధి

కిందటి వానాకాలంలో కల్లూరులో షేర్ ఆటో దిగి ఇంటికి నడుస్తుంటే, సందు మొదట్లో ఇసుక కుప్ప మీద పడుకున్న కుక్కపిల్ల ఒకటి లేచి వచ్చి నా మడమ పైన కరిచింది. పెద్ద గాయమేమీ కాదు. పళ్లు దిగిన గుర్తు, కొద్దిగా రక్తం. పక్కనే కడుతున్న ఇంటి ముందు కుళాయి ఉంది. మేస్త్రీని అడిగి బట్టల సబ్బు ముక్క ఒకటి తీసుకుని, నీళ్లు ధారగా వదిలి, కాలు కడుక్కుంటూ కూర్చున్నాను. పనివాళ్లు చుట్టూ చేరారు. ఒకామె పసుపు తెస్తానంది, ఒకతను సున్నం పెట్టమన్నాడు. ఏమీ వద్దన్నాను. ఈ ముసలావిడ ఇంకెంతసేపు కడుగుతుందన్నట్టు చూసి, విసుగు పుట్టి ఎవరి పనికి వాళ్లు పోయారు. ఆరోగ్య కేంద్రంలో నర్సు చిన్న పిల్ల. గాయం చూసి, "ఏమీ పూయలేదు గదా? మంచి పని చేసినారు. కడగమని ఎవరు చెప్పినారమ్మా?" అని అడిగింది. "మా చిన్నమ్మ" అన్నాను. అరవై దాటిన మనిషి నోట ఆ మాట విని ఆ పిల్ల నవ్వింది. ఇంజెక్షన్ ఇప్పుడు భుజానికి వేస్తారు, వేసిందీ తెలియలేదు. కాసేపు బయట బెంచీ మీద కూర్చోమన్నారు. చిన్నమ్మ పోయి రెండేళ్లు కావస్తోంది. ఆమె గురించి రాయాలని ఆ బెంచీ మీదే అనుకున్నాను.

మాది కమలాపురంలో వ్యాపారం చేసుకునే ఇల్లు. ముందు అంగడి, మధ్యలో ఇల్లు, వెనక బర్రెల కొట్టం. ముందు నుంచి బెల్లం, ఎండుమిరపకాయలు, గోనెసంచుల వాసన వచ్చేది. వెనక నుంచి పేడ, నానబెట్టిన శెనక్కాయల చెక్క వాసన వచ్చేది. ఆ రెండూ కలుసుకునే చోటు మా వంటిల్లు. అక్కడ జేజి, అంటే మా నాయనకు అమ్మ, తెల్లవారుజామునే కవ్వం ముందు కూర్చునేది. చల్ల చిలకడం అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. చిలకడం అయ్యాక చిటికెడు నశ్యం పీల్చి, గట్టిగా తుమ్మి, "ఇంగ చెప్పండి" అనేది. ఆ మాటతో ఇంట్లో పగలు మొదలయ్యేది. వీధిలో చాలా ఇళ్లకు మా పాలే పోయేవి. ఎదురింటి హుసేనమ్మ మొదట వచ్చేది. ఆమె చెయ్యి మంచిదని జేజి నమ్మకం. ఆమె చెంబు నిండనిదే ఇంకొకరి చెంబులో చుక్క పడేది కాదు. బాలింతలున్న ఇళ్లకు, పరీక్షలు రాసే పిల్లలున్న ఇళ్లకు కొలత కాస్త మీరేది. ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో, ఆ చెంబుల వెంట మా వంటింటిదాకా వచ్చేసేది.

నాయన అంగడి చూసుకునేవాడు. ఆయన తమ్ముడు మా చిన్నాయన. అంగడిలో కూర్చోమంటే కూర్చునేవాడు గానీ, మనసంతా కొట్టంలోనే ఉండేది. మధ్యాహ్నం భోంచేసి గోనెసంచుల మీద పడుకుని, ఎండ తగ్గగానే లేచి బర్రెలను పాపాఘ్ని ఏటికి తోలుకుపోయేవాడు. ఏట్లో ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లు మడుగుల్లోనే ఉండేవి. ఆ మడుగుల్లో బర్రెలను పడుకోబెట్టి, తానూ పక్కన కూర్చుని వాటి వీపులు రుద్దేవాడు. ఇన్ని చేసి పాలు మాత్రం ముట్టడు. పాల వాసనే పడదు. మజ్జిగ పోస్తే కంచం జరిపేవాడు. "ఎవరిమీద కోపమురా ఇది?" అని జేజి అడిగితే, "పిండేటప్పుడు చూస్తాండా గదమ్మా, దూడది లాక్కున్నట్టుంటాది" అనేవాడు. ఆయన భార్య రత్నమ్మ, మా చిన్నమ్మ. జమ్మలమడుగు పిల్ల. నాకంటే ఆరేడేళ్లు పెద్దదేమో. పిల్లలు ఇంకా కాలేదు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చెప్పింది వినేది, విని తలూపేది, తర్వాత తనకు తోచిందే చేసేది. ఆ సంగతి జేజి ఒక్కతే కనిపెట్టింది.

నేను పదో తరగతి రాసి ఇంట్లో ఉన్న ఎండాకాలం అది. పెద్ద బర్రె ఉన్నట్టుండి మేత మానేసింది. కుడితి ముందు పెడితే మూతి ముంచి వెనక్కి లాక్కునేది. నోటి నుంచి చొంగ తీగలు తీగలుగా సాగేది. అరుపు మారిపోయింది, బొంగురుగా, ఎవరో గొంతు పిసుకుతున్నట్టు. చిన్నాయన దాని చుట్టూ తిరిగి తిరిగి, "గొంతులో ఏందో తట్టుకునుండాది. మామిడి టెంక మింగినట్టుండాది. రత్నా, ఈడికి రా, దవడ పట్టుకో" అన్నాడు. చిన్నమ్మ కొంగు బిగించి వచ్చి రెండు చేతులా దవడ పట్టుకుంది. చిన్నాయన మోచేతిదాకా చెయ్యి లోపలికి పెట్టి వెతికాడు. టెంక లేదు, ఏమీ లేదు. చెయ్యి తీసేటప్పుడు బర్రె తల విదిలిస్తే పన్ను గీరుకుని మణికట్టు దగ్గర చర్మం లేచింది. ఆయన ఆ చేతిని తొట్టిలో ఒకసారి ముంచి పంచెకు తుడుచుకున్నాడు. నేను కొట్టం గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. అందులో భయపడాల్సింది ఏదైనా ఉందని మా ఎవరికీ తోచలేదు. తర్వాత బర్రె వెనక కాళ్లు లాగేసి పడిపోయింది. పడుకున్న చోటే గోడకేసి తల కొట్టుకుని చచ్చిపోయింది.

పశువుల డాక్టరు అంతా అయ్యాక వచ్చాడు. ఊళ్లో మంచి పేరున్న మనిషి. బర్రె మూతి మీద మానిన గాటు ఒకటి చూపించి, ఎప్పటిదని అడిగాడు. చిన్నాయన లేని ఒకనాడు ఏటి దగ్గర మంద మీదికి పిచ్చికుక్క ఒకటి వచ్చిందని, రాళ్లేసి తరిమామని ఊరి పశువులు కాసే మందవాడు అప్పుడు గుర్తుకు తెచ్చుకున్నాడు. డాక్టరు చేతులు కడుక్కుని నెమ్మదిగా చెప్పాడు. "ఇది పిచ్చికుక్క రోగమే. కాచిన పాలతో భయం లేదు. దాని నోరు, చొంగ తగిలినోళ్లు మాత్రం కడపకు పోయి సూదులు వేయించుకోవల్ల." ఆయన చెప్పింది అంతే. కానీ అప్పటికే ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. వాళ్లకు వినపడింది ఒక్కటే మాట, పాలు.

ఈ సంగతి వీధికి చెప్పాలా వద్దా అని ఇంట్లో కొంతసేపు వాదన జరిగింది. నాయన అంగడి గురించి భయపడ్డాడు. "కాచిన పాలకు ఏమీ కాదని డాక్టరే చెప్పినాడు గదమ్మా. మనంతట మనం పోయి చెప్తే రేపటి నుంచి మన బెల్లం గూడా ఎవురూ కొనరు" అన్నాడు. జేజి అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "మన పాలు తాగినోళ్లకు మనం చెప్పకుంటే ఇంగెవరు చెప్తారురా? పసిబిడ్డలకు గుమ్మపాలు పట్టినోళ్లు ఉండారు ఈ వీధిలో. వాళ్లు కాచినారా?" అంది. నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గుమ్మంలోనూ ఒకే మాట చెప్పింది. "మా బర్రె పిచ్చిదై చచ్చిపోయింది. నిన్నమొన్నటి దాకా మీరు తాగింది దాని పాలే. పచ్చిపాలు తాగినోళ్లుంటే కడపకు పోండి." కొందరు ఏడ్చారు. కొందరు తిట్టారు. ఒకాయన చెంబు తెచ్చి మా గుమ్మంలో విసిరేశాడు. జేజి తల వంచుకుని అన్నీ విని, తర్వాతి ఇంటికి నడిచింది. హుసేనమ్మ మాత్రం, "చెప్పినావు, అది చాలు. పద, పొద్దున బస్సుకు నేనూ వస్తా" అంది.

మర్నాటి నుంచి కడప బస్సు మా వీధిదే అయింది. పచ్చిపాలు తాగినవాళ్లే కాదు, కాచినవి తాగినవాళ్లు, మజ్జిగ తాగినవాళ్లు, మా ఇంట్లో అప్పాలు తిన్నవాళ్లు, అందరూ ఎక్కారు. వద్దంటే ఎవరూ వినలేదు. సూదులు అప్పుడు పొట్టకే, బొడ్డు చుట్టూ. ఆసుపత్రి వరండాలో ఆడవాళ్ల వరస ఒకటి, మగవాళ్ల వరస ఒకటి. స్పిరిట్ వాసన, మరుగుతున్న నీళ్లలో సిరంజిల చప్పుడు. సూది దిగిన చోట గడ్డ కట్టేది. నిన్నటి గడ్డ పక్కన ఇవాళ్టిది. తిరుగు బస్సులో గుంత వచ్చిందంటే బస్సంతా ఒకేసారి మూలిగేది. మొదటి రోజు ఏడుపులు, తర్వాత మూలుగులు. ఆ తర్వాత చూస్తే పెళ్లివారి బస్సులా తయారైంది. హుసేనమ్మ బొరుగులు కట్టుకొచ్చి అందరికీ పంచేది. "డ్రైవరయ్యా, మెల్లగా పోనీ, ఈ బస్సులో అందరం బాలింతలమే" అనేది. మగవాళ్లు కూడా పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. మా ఇంట్లో నేను, అమ్మ, నాయన, జేజి, చిన్నమ్మ అందరం వేయించుకున్నాం. అందరమూ పాలు తాగినవాళ్లమే.

చిన్నాయన వేయించుకోలేదు. డాక్టరు చొంగ గురించి చెప్పింది ఆయన విన్నాడు. నాయన కూడా విన్నాడు. రారా అని పిలిచాడు కూడా. కానీ ఆసుపత్రిలో మందు కొరతగా ఉంది. అందరికీ వస్తుందో రాదోనని వరసలో కొట్లాటలు జరుగుతున్నాయి. "నేను పాలే తాగను. తాగినోళ్లకు కానీలే ముందు. నాది పన్ను గీరుకున్నదే, అంతే గదా. ఏటవతల పుల్లన్న దగ్గరికి పోయొస్తా" అన్నాడు చిన్నాయన. పుల్లన్న కుక్కకాటుకు పసరు ఇచ్చే మనిషి. వాళ్ల నాయన ఇచ్చేవాడు, ఆయన తండ్రీ ఇచ్చేవాడట. పైసా పుచ్చుకోడు. ఆదివారం స్నానం చేసి, తడిబట్టతో ఆకు నూరి, కరిచిన చోట కట్టి, ఇంత తాగించేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన పసరు తాగి బతికామని చెప్పేవాళ్లు కొల్లలు. కరిచిన ప్రతి కుక్కా పిచ్చిది కాదని అప్పుడు ఎవరికి తెలుసు? ఆయన చిన్నాయన చేతికి కట్టు కట్టి, నూనె వద్దు, చింతపండు వద్దు అని పథ్యం చెప్పి, చివర్లో ఒక మాట చెప్పాడు. "సూది మాత్రం వేయించుకోవద్దప్పా. సూది పడితే పసరు విరిగిపోతాది." చిన్నాయన ఆ మాట పట్టుకున్నాడు. చిన్నమ్మ ఒకటికి రెండుసార్లు అడిగింది. "రెండూ చేస్తే ఏమి?" అని. "ఏదో ఒకటి నమ్మల్ల రత్నా" అన్నాడాయన. పథ్యం మాత్రం చాలా నిష్ఠగా చేశాడు. చప్పిడి కూడు తిని, అందరూ పొట్టలు పట్టుకుని బస్సు దిగుతుంటే అంగడి మెట్ల మీద కూర్చుని నవ్వేవాడు.

పథ్యం ముగిసింది. వానలు పడి శెనక్కాయలు విత్తే పని మొదలైంది. వీధి మళ్లీ మా ఇంటికి చెంబులు పంపడం మొదలుపెట్టింది, రెండో బర్రె పాల కోసం. ఒకనాడు చిన్నాయన మణికట్టు రుద్దుకుంటూ, చెయ్యి తిమ్మిరిగా ఉందన్నాడు. మూటలు మోశావులే అంది జేజి. మర్నాడు జ్వరం వచ్చింది. ఆ సాయంత్రం చిన్నమ్మ చెంబుతో నీళ్లు ఇచ్చింది. నోటిదాకా తీసుకుని, ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుపోయి, చెంబు దూరంగా నెట్టేశాడు. దాహం వేస్తోంది గానీ మింగలేనన్నాడు. చిన్నమ్మ కింద పడిన చెంబును చూసి, ఆయన ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా లోపలికి పోయి నాయనతో, "బావా, జీపు మాట్లాడండి" అంది. వీధిలో అందరికంటే ముందు ఆమెకే అర్థమైంది.

కడప ఆసుపత్రిలో ఒక మూల గదిలో ఉంచారు. చిన్నమ్మ, నాయన ఉన్నారు. ఆమెకు తోడుగా నన్నూ పంపారు గానీ నేను గది బయటే ఉండిపోయాను. ఆ గది కిటికీకి దుప్పటి కట్టారు, గాలి తగిలితే ఆయనకు గొంతు బిగుస్తుందని. పిచ్చిగా అరుస్తాడని అందరూ అనుకున్నారు. అలా ఎక్కువసేపు లేదు. మధ్యమధ్య తేరుకునేవాడు, అప్పుడు మామూలు మనిషే. తలుపు సందులోంచి నాకు ఆయన మాట వినపడింది. "రత్నా, దగ్గరికి రావద్దు. ఉమ్మి తగులుతాది. ఆ గోడకాడ కూర్చో. కూర్చొని నాకు కనపడు, చాలు." ఆమె గోడ దగ్గర కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో, ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. రెండో రోజు మధ్యాహ్నం ఆయన పోయాడు.

అక్కడి డాక్టరమ్మ చిన్నమ్మను పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడింది. ఏడవాల్సిన సమయంలో చిన్నమ్మ ప్రశ్నలు అడగడం చూసి మా బంధువొకాయన తర్వాత తప్పు పట్టాడు. నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను, ఆమె అడిగినవి నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. "పాలతో కాదా అయితే?" "కాదమ్మా. చొంగతో. చర్మం లేచిన చోట చొంగ పడింది. అక్కడి నుంచి నరాల వెంట నెమ్మదిగా పైకి పోయింది." "నేను దవడ పట్టుకున్నా. నా చేతులకూ చొంగే గదా?" "నీ చేతికి గాయం లేకపోయుండొచ్చు. ఉన్నా నువ్వు సూదులు వేయించుకున్నావు." "పాల కోసం వేయించుకున్నా." "దేనికోసమైతేనేమి" అంది డాక్టరమ్మ. చిన్నమ్మ చివరగా అడిగింది. "ఆపొద్దు ఆయన చెయ్యి కడిగుంటే?" "సబ్బుతో, ధారగా నీళ్లు పోసి, బాగా కడిగి, ఆ వెంటనే సూదులు మొదలుపెట్టి ఉంటే బతికేవాడు. రోగం బయటపడినాక ఇంగ మా చేతుల్లో ఏమీ లేదు." చిన్నమ్మ తలూపింది. డాక్టరమ్మ ఆమెకు మళ్లీ కొన్ని సూదులు రాసిచ్చింది, రోగి దగ్గర ఉందని. ఈసారి ఆమె ఒక్కతే బస్సెక్కి పోయి వచ్చేది.

వీధి మాత్రం ఈసారి బస్సెక్కలేదు. మమ్మల్ని వెలేసింది. ఆయన చనిపోయింది మా ఇంట్లో కాదు, అయినా మా గుమ్మం తొక్కడానికి భయపడ్డారు. అంగడిలో ఉప్పురాయి కూడా కొనలేదు. మా నాయన ముట్టుకున్న తక్కెడ అని, మా బావి చేద అని, అన్నిటికీ భయమే. పాలు తాగితే వస్తుందని ఊరంతా సూదులు వేయించుకుంది గదా, ఇప్పుడు గాలికీ వస్తుందనుకుంది. ఏది ఎట్లా అంటుకుంటుందో తెలియనప్పుడు మనుషులు చేతికందిన దానికల్లా భయపడతారని ఆ ఏడు చూశాను. చాలా ఏళ్ల తర్వాత కరోనా రోజుల్లో కల్లూరులో మా సందుకు కట్టెలు అడ్డం కట్టి, కూరగాయలు సబ్బుతో కడిగి, మనిషి పోయిన ఇంటి వంక తల తిప్పకుండా నడిచిపోయే వాళ్లను చూసినప్పుడు, నాకు కొత్తగా అనిపించలేదు. తప్పని కూడా అనను. కడిగే చోట కడగక, కడగనక్కరలేని చోట కడుగుతూ ఉంటాం, అంతే.

జేజి అప్పుడు ఒక పని చేసింది. భర్త పోయిన ఆడమనిషి పొద్దున్నే అంగడిలో ఎదురుపడితే బేరాలు రావని నమ్మే రోజులవి. ఎలాగూ బేరాలు లేవు గదా అంది జేజి. చిన్నమ్మను పిలిచి తక్కెడ ముందు కూర్చోబెట్టింది. "నా కొడుకు పోయినాడు. నువ్వు మూలన కూర్చుంటే వాడు తిరిగొస్తాడా? కూర్చో ఈడ" అంది. మొదట హుసేనమ్మ వచ్చి చక్కెర కొనింది. అవసరం లేకపోయినా కొనిందని అందరికీ తెలుసు. తర్వాత ఒకరూ ఇద్దరూ. చిన్నమ్మ అంగడి పక్క అరుగు మీద ఒక పెద్ద కాగు నీళ్లు, చెంబు, బట్టల సబ్బు పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు, కాళ్లు కడుక్కోవడానికనుకున్నారు. ఒకనాడు కుక్క కరిచిందని ఏడుస్తున్న కొడుకుని ఎత్తుకుని హుసేనమ్మ అంగడి ముందు నుంచి పరిగెత్తుతోంది, ఏటి వైపు, పుల్లన్న దగ్గరికి. చిన్నమ్మ తక్కెడ వదిలేసి రోడ్డు మీదికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"యాడికి పోతాండావక్కా?"

"పుల్లన్న కాడికి. వదులు నన్ను."

"పోదువులే. ముందు ఈడ కూర్చోబెట్టు."

పిల్లవాడు గింజుకుంటుంటే కాలు సబ్బుతో రుద్ది, చెంబు వెనక చెంబు పోసింది. కాగు ఖాళీ అయ్యేదాకా వదల్లేదు. తర్వాత అంగడి నాయనకు అప్పజెప్పి, వాళ్లతో కడప బస్సెక్కింది. ఆ ఒక్కరోజే కాదు, అన్ని సూదులూ అయ్యేదాకా రోజూ పోయింది. నొప్పికి భయపడి మధ్యలో మానేస్తారని ఆమెకు తెలుసు. ఆ పిల్లవాడు బతికాడు. ఆ కుక్క పిచ్చిదో కాదో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే మంచిదనేది చిన్నమ్మ. అప్పటి నుంచి కమలాపురంలో ఎవరిని కుక్క కరిచినా, పిల్లి గీరినా, అంగడి ముందు ఆగడం అలవాటైంది. కొందరు ఆమె కోసం ఆగేవాళ్లు, కొందరు ఆమె ఆపితే ఆగేవాళ్లు. కారం పూసుకుని వచ్చినవాళ్లను మాత్రం తిట్టేది. మితభాషి అనుకున్న మనిషి నోట అన్ని తిట్లు ఉన్నాయని మాకు అప్పుడే తెలిసింది.

నేను కడపలో ఇంటర్ చదువుతూ సెలవులకు వచ్చిన రోజుల్లో జరిగిందిది. మిట్ట మధ్యాహ్నం, వీధిలో మనిషి లేడు. అంగడి ముందు పుల్లన్న వచ్చి నిలబడ్డాడు. పక్కన పదేళ్ల పిల్ల, ఆయన కూతురు. పిక్క మీద గుడ్డ చుట్టి ఉంది. నేను ఆయన్ను చూడగానే లేచి నిలబడ్డాను. నాకు ఒళ్లు మండింది. మా ఇంటి గడప దగ్గరికి ఏ ముఖంతో వచ్చాడని అడగబోయాను. చిన్నమ్మ నా వైపు చూడనైనా లేదు. పిల్ల కాలి వైపు చూసింది.

"ఎప్పుడు కరిచింది?"

"పొద్దున. కళ్లం కాడ. అది సక్రమంగా లేదమ్మా, నోట్లో చొంగ కార్చుకుంటా తిరుగుతాంది."

"మందు పెట్టినావా అన్నా?"

"లేదమ్మా" అన్నాడు పుల్లన్న. "ఆకు తెచ్చినా. నూరినా. చెయ్యి రాలే."

చిన్నమ్మ గుడ్డ విప్పింది. లోతైన గాటు. పిల్లను అరుగు మీద కూర్చోబెట్టి, నన్ను నీళ్లు పోయమంది. నేను పోశాను. ఆమె సబ్బు పెట్టి రుద్దుతుంటే పిల్ల తండ్రి మెడ కరుచుకుని ఏడ్చింది. పుల్లన్న కళ్ల వెంట కూడా నీళ్లు కారుతున్నాయి గానీ తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. నలుగురం కలిసి రెండు గంటల బస్సు ఎక్కాం. ఆయన వెనక సీట్లో, మేం ముందు. సగం దారిలో లేచి వచ్చి చిన్నమ్మ పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"నేను మోసం చేయలేదమ్మా. మా నాయన నాకు ఏం చెప్పినాడో అదే చేసినా. సూది వద్దని గూడా ఆయన చెప్పిందే."

బస్సు చప్పుడులో చిన్నమ్మ వినలేదేమో అనుకున్నాను. ఆమె కిటికీ బయటికి చూస్తూ ఉంది. ఎండిపోయిన చేలు, సున్నపురాతి గుట్టలు వెనక్కి పోతున్నాయి. తర్వాత ఇటు తిరిగి అంది.

"తెలుసన్నా. రేపు గూడా రావల్ల ఈ పిల్ల. పొద్దున మొదటి బస్సు పోగొట్టుకోవద్దండి. నేను అంగడి కాడ ఉంటా."

ఆ పిల్ల కోలుకుంది. తర్వాత పెళ్లయి ప్రొద్దుటూరు పోయిందని విన్నాను. పుల్లన్న కూతురికి సూదులు వేయించిన సంగతి చిన్నమ్మ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నన్నూ చెప్పవద్దంది. చెబితే ఆయన దగ్గరికి పోవడం మానేస్తారు గదా, మంచిదే గదా అని నేను వాదించాను. "ఈయన కాడికి మానేస్తే ఇంకొకాయన కాడికి పోతారు" అంది.

ఇప్పుడు చూస్తే చాలా మారింది. మందు ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఉంటోంది, నాలుగైదు సార్లు భుజానికి వేస్తే అయిపోతుంది. లోతు గాయమైతే ఆ గాయంలోనే వేసే మందు ఇంకొకటి వచ్చింది. పొట్ట మీద సూదులంటే నమ్మే పిల్లలు లేరు. మా వీధిలో బర్రెలు లేవు, పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. మారనివీ ఉన్నాయి. కల్లూరులో సందుకు పది కుక్కలు. చిన్న గాటే గదా అని పోనివాళ్లు, రెండు సూదులు వేయించుకుని మానేసేవాళ్లు ఇంకా ఉన్నారని ఆ నర్సు చెప్పింది. నేను కాలు కడుగుతుంటే చుట్టూ నిలబడ్డవాళ్లు పసుపూ సున్నమూ అన్నారంటే, వాళ్లది తెలివితక్కువ అని నేను అనుకోలేదు. వాళ్లకు ఎదురుగా నిలబడి చెయ్యి పట్టుకుని ఆపిన మనిషి లేదు.

డిగ్రీ చదివేటప్పుడు ఒక సెలవుల్లో చిన్నమ్మ పక్కన అంగడిలో కూర్చుని ఉన్నాను. పొద్దున బస్సు వేళ. ఏటి వైపు నుంచి ఒక ముసలాయన, ఆయన కోడలు వస్తున్నారు. కోడలి మోచేతికి ఆకు కట్టు ఉంది, పచ్చని పసరు కారి చీరంతా మరకలు. చిన్నమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి కట్టు విప్పింది. ఎక్కడికి పోతున్నారని నేను అడిగాను. "కడపకు" అన్నాడు ముసలాయన. "పసరు తాగినాం. ఇంగ సూదులు వేయించుకోకుంటే పసరు విరిగిపోతాదంట. పుల్లన్న గట్టిగా చెప్పినాడు. సూదులు అన్నీ అయినాకే మళ్లీ నా కాడికి రావల్ల అన్నాడు." కడగడం అయ్యాక వాళ్లు బస్టాండు వైపు పోయారు. నాకు మళ్లీ పాత కోపమే వచ్చింది. "ఇన్నేండ్లయినా ఆ పసరు పోస్తానే ఉండాడు. నువ్వు ఒక్క మాటా అనవా చిన్నమ్మా?" అన్నాను. చిన్నమ్మ చెయ్యి తుడుచుకుని, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండలో వాళ్లు పోయిన వైపే చూస్తోంది.

"పోసుకోనీలే మే. బస్సెక్కుతాండారు గదా" అంది.